నాన్న రేజరు - పనిలేని సామెత

మా నాన్న సంవత్సరీకాలు అయ్యాక ఆయన బీరువా సర్దుతుంటే, అడుగు అరలో ఒక పాత సబ్బుపెట్టె కనిపించింది. తెరిచి చూస్తే గుడ్డపీలికలో చుట్టిన రేజరు. ఊహ తెలిసినప్పటి నుంచి నేను చూస్తున్న రేజరే. పిడి మీద గళ్లు గళ్లుగా చెక్కడం, బ్లేడును కప్పే పైపలక, కింద దువ్వెన పళ్ల వంటి అంచు. పళ్ల సందుల్లో ఎన్నేళ్ల నాటిదో సబ్బు తెట్టు గట్టిపడి ఉంది. మర దగ్గర పచ్చగా చిలుము పట్టింది.

బ్యాంకులో ముప్ఫై ఏళ్లుగా లెక్కలు చూస్తున్నవాణ్ణి. మురికి కనపడితే తుడవకుండా ఉండలేను. మా అమ్మ ఇత్తడి బిందెలు తోమే పద్ధతి గుర్తొచ్చింది. చింతపండు, కాస్త ఇటుకపొడి తీసుకుని ఆదివారం మధ్యాహ్నం పెరటి పంపు దగ్గర కూర్చున్నాను. పావుగంటలో రేజరు తళతళలాడింది. తీరా వెలుగులోకి తెచ్చి చూస్తే ఆ తళతళ వెండి రంగులో లేదు, పసుపుపచ్చగా ఉంది. అరవై ఏళ్లుగా నిలిచిన నికెల్ పూతను నేనే పావుగంటలో సగం గీకేశాను.

దీనికి వైద్యం ఏమిటో అడుగుదామని మా పెరంబూరు వీధి చివర ఉన్న సెలూనుకు పట్టుకెళ్లాను. సెలూను పెద్దాయన నాకంటే పదేళ్లు పెద్ద. మాలాగే నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. వాళ్ల నాన్నే మా తాతయ్యకు క్షవరం చేసేవాడు. ఆయన రేజరును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మీ నాన్నగారిది కదా సారూ" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "ఇది కొన్న రోజు మా నాన్న ఇంటికొచ్చి అన్నం తినలేదంట. మా అమ్మ చెప్పేది" అన్నాడు.

రేజరుకు వైద్యం అడగబోతే దాని చరిత్ర నా చేతికొచ్చింది. ఈ వ్యాసం రాయడానికి ఆ మాటే కారణం.

గడ్డం గీయడమనే పనికి మన దేశంలో ఒకప్పుడు పెద్ద గౌరవమే దక్కింది. విజయనగరాన్ని సదాశివరాయల పేరు మీద అళియ రామరాయలు పాలిస్తున్న రోజుల్లో, అంటే 1540ల తర్వాత, కొండోజు అనే క్షురకుడి పనితనానికి రామరాయలు సంతోషించి క్షురకుల మీద ఉన్న పన్నులు తీసేశాడు. ఆంధ్ర, కన్నడ సీమల శాసనాలలో ఈ సంగతి ఉంది. కొండోజు తనకు మాన్యమో బంగారమో తీసుకుని ఊరుకోలేదు, తన వాళ్లందరికీ మినహాయింపు దక్కింది. పన్ను రాయితీల ఫైళ్లు చాలా చూశాను గాని, గడ్డం నున్నగా గీసినందుకు ఇచ్చిన రాయితీ నాకు తెలిసి ఇదొక్కటే.

క్షురకుడి పొదిలో కత్తి ఒక్కటే ఉండేది కాదు. పుండ్లు కోసి కట్టు కట్టడం వాళ్ల పని. ఆ ఇళ్ల ఆడవాళ్లు పురుళ్లు పోసేవారు. పెళ్లిలో సన్నాయి వాళ్లదే. తమిళనాట వాళ్లకు మరుత్తువర్ అనే పేరు కూడా ఉంది. మరుత్తువర్ అంటే వైద్యుడు. ఇన్ని పనులు చేసినా ఊళ్లో దక్కేది కోతల నాటి గింజలు. పట్నంలో నెల జీతం. పైగా ఆ చెయ్యి తగిలినందుకు ఇంటి యజమాని తలస్నానం చేసి గాని లోపలికి వచ్చేవాడు కాదు.

మా తాతయ్య క్షవరం నాకు లీలగా గుర్తుంది. పెరట్లో తాతయ్య పీట మీద, ఆయన ఎదురుగా క్షురకుడు నేల మీద గొంతుక్కూర్చునేవారు. కత్తిని తోలుపట్టీ మీద నూరుతుంటే వచ్చే చప్పుడు, గాటు పడితే అద్దే పటిక. మంగళవారం పనికిరాదు, శుక్రవారం పనికిరాదు, అమావాస్య అసలే కుదరదు. పంచాంగం ఒప్పుకున్న రోజునే గడ్డం తీయాలి. ఎవరి గడ్డం వాళ్లు గీసుకోవడం తాతయ్య దృష్టిలో అశుభం.

ఈ పద్ధతిని కదిలించిన వస్తువు అమెరికా నుంచి వచ్చింది. గాటు పడకుండా కత్తికి అడ్డుపెట్టే ఆలోచన పాతదే. న్యూయార్కులో కాంఫే సోదరులు 1880లోనే అటువంటి రేజరుకు పేటెంటు తీసుకున్నారు. కాని దాని అలుగును మళ్లీ మళ్లీ నూరుకోవలసిందే. నూరే పనే లేకుండా, మొద్దుబారితే పారేసే పలుచని బ్లేడు ఉంటే ఎలా ఉంటుందని 1895లో కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే అమ్మకాల ఏజెంటుకు తోచింది. అంత పలుచని ఉక్కుకు పదును నిలవదని తెలిసినవాళ్లు పెదవి విరిచారు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు దానికి యంత్రాలు తయారుచేశాడు. 1901లో కంపెనీ పెట్టారు. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడాది రేజర్లే 90,000 దాటాయి. 1918లో అమెరికా ప్రభుత్వం సైనికులకు రేజర్లు పంచడంతో, యుద్ధం నుంచి తిరిగి వచ్చిన లక్షల మందికి తమ గడ్డం తామే గీసుకోవడం అలవాటైపోయింది.

బి.కాం.లో మాకు చెప్పిన పాఠం ఒకటుంది. జిల్లెట్ రేజరును కారుచౌకగా ఇచ్చి బ్లేడ్ల మీద లాభం తీశాడని. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అసలు కథ అది కాదు. పేటెంటు చేతిలో ఉన్నన్నాళ్లూ ఆయన రేజరు ధర 5 డాలర్లు. ఆ రోజుల్లో సామాన్య కార్మికుడికి అది చాలా పెద్ద మొత్తం. 1921లో పేటెంటు గడువు తీరబోతూ పోటీ తప్పదని తేలాకే ఆయన 1 డాలరు రేజరు బజారుకొచ్చింది. చౌక ధర దాతృత్వం వల్లా రాలేదు, తెలివి వల్లా రాలేదు. పోటీ వల్ల వచ్చింది.

మన దేశంలో స్వాతంత్ర్యం తర్వాత విదేశీ సరుకు తగ్గి స్వదేశీ బ్లేడ్లు పెరిగాయి. కలకత్తా మల్హోత్రా కుటుంబం వారి పనామా, టోపాజ్ పేర్లు మా తరం మగపిల్లలందరికీ తెలుసు. మొదట్లో వచ్చిన మామూలు ఉక్కు బ్లేడ్లు మద్రాసు తేమకు రెండు రోజుల్లో తుప్పు పట్టేవి. నాన్న బ్లేడును తుడిచి, గాజు గ్లాసు లోపలి వైపు వేలితో అదిమి నాలుగుసార్లు రుద్ది మళ్లీ వాడేవారు. 1960లలో స్టెయిన్‌లెస్ బ్లేడ్లు లోకమంతటా వ్యాపించాక ఆ గ్లాసు అవసరం తీరింది.

నాన్న 1957లో పెరంబూరు ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరారు. ఫ్యాక్టరీ అప్పటికి రెండేళ్లది, 1955 అక్టోబరు 2న మొదలైంది. షిఫ్టు సైరనుకు పంచాంగంతో పని లేదు. మరుసటి ఏడాది మూర్ మార్కెట్లో ఈ రేజరు కొన్నారు. 1900లో తెరిచిన ఆ ఎర్ర భవనంలో పాత పుస్తకాల నుంచి పక్షుల దాకా దొరకనిది లేదు. 1985 మే 30న కాలిపోయింది. అక్కడ సెకండ్‌హ్యాండు రేజర్లు కుప్పపోసి ఉంటే నాన్న ఎలా ఏరుకున్నారో నాకు చాలాసార్లు చెప్పారు. మర లోపల చూడాలి. అక్కడ పూత సరిగా పట్టదు గనుక అసలు లోహం బయటపడుతుంది. పచ్చగా ఉంటే ఇత్తడి, బూడిదరంగులో ఉంటే జింకు పోత. అయస్కాంతం గట్టిగా పట్టిందంటే లోపల ఇనుము. ఇత్తడి అయితే పూత పోయినా మనిషి బతికినన్నాళ్లు ఉంటుంది. జింకు పోతకు పైన క్రోమియం పగిలిందా, గుంటలు పడి తినేస్తుంది. బ్లేడు బిగించాక రెండు వైపులా అంచు సమంగా బయటికి కనపడాలి. ఒక పక్క ఎక్కువైతే ఆ పక్క చెంప తెగుతుంది. ఫిట్టరు కదా, కంటితోనే కొలిచేవారు.

"ఒకరిని నేల మీద కూర్చోబెట్టి మనం పీట మీద కూర్చోవడమెందుకు? మన పని మనం చేసుకుందాం" అనేవారు నాన్న. ఆ రేజరును ఆయన సంస్కరణగా భావించారు. నేనూ అలాగే భావించాను, మొన్న సెలూనులో ఆ మాట వినేదాకా.

మా ఇంట్లో ఇద్దరు మగవాళ్ల క్షవరానికి నెల జీతం ముట్టేది. నాన్న రేజరు కొన్న నెలలోనే తాతయ్య ఆ జీతాన్ని సగం చేశాడు. ఏడాది తిరిగేసరికి వీధిలో ఫ్యాక్టరీకి వెళ్లే కుర్రాళ్లంతా రేజర్లు కొన్నారు. అన్ని ఇళ్లలోనూ జీతం సగమైంది. పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడని మనకు సామెత. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు వాడి ఉంటానో. అతనికి పని ఎందుకు లేకుండా పోయిందని ఒక్కసారీ అడగలేదు. మా వీధి వరకు జవాబు మా సబ్బుపెట్టెలోనే ఉంది.

నా మొహం చూసి పెద్దాయన నవ్వాడు. "మీరు బాధపడకండి సారూ. ఇళ్ల జీతం పోయాకే మా నాన్న ఈ సెలూను పెట్టాడు. ఇక్కడ ఆయన ఎవరి ముందూ కింద కూర్చోలేదు. కుర్చీ మాది, అద్దం మాది, ధర బోర్డు మాది. మీ తాతగారు కూడా ఆఖర్లో ఇక్కడికే వచ్చి వరసలో కూర్చున్నారు. కాకపోతే ఆ నడుమ నాలుగేళ్లు మేం ఎలా బతికామో మీ నాన్నగారికి తెలీదు. తెలిస్తే మంచిగుండేది."

ఆయన చేతిలోని కత్తి వైపు చూశాను. మడత పిడిలో దూర్చినది జిల్లెట్ కనిపెట్టిన తరహా బ్లేడే, సగానికి విరిచిన ముక్క. దేశంలో హెచ్.ఐ.వి. మొదట బయటపడింది 1986లో, మన మద్రాసులోనే. డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల చేసిన పరీక్షల్లో. ఆ భయం పాకాక సెలూన్లలో ప్రతి మనిషికీ కొత్త బ్లేడు కావాలని అడగసాగారు. సాన పట్టే పాత కత్తి పోయి విరిచిన బ్లేడు వచ్చింది. తండ్రి పని తీసేసిన బ్లేడుతోనే కొడుకు పని చేస్తున్నాడు.

రేజరుకు ఆయన చెప్పిన వైద్యం ఇది. మూడు భాగాలూ విడదీసి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు కలిపి పది నిమిషాలు ఉంచాలి. పాత టూత్‌బ్రష్షుతో తోమి, పళ్ల సందుల్లో చీపురుపుల్ల ఆడించాలి. పొడిగా తుడిచి ఆరబెట్టాలి. అంతే. చింతపండు బిందెలకు మంచిదే. పూత ఉన్న వస్తువుకు పులుపూ వద్దు, గరుకు పొడీ వద్దు. మెరుగు పెట్టే ద్రావకం కూడా ఎప్పుడో ఒకసారి, మెత్తని గుడ్డతో, చుక్కంత. మళ్లీ నికెల్ పూత పూయించనా అని అడిగాను. పూయించవచ్చుగాని ముందు ఇత్తడిని సాన పట్టి నునుపు చేస్తారు, అప్పుడు అంచు అరిగి బ్లేడు సందు మారితే రేజరు అలంకారానికే మిగులుతుందని చెప్పాడు.

పూయించలేదు. పసుపు మచ్చలతోనే వాడుతున్నాను. బరువు దానిదే గనుక చెయ్యి నొక్కనక్కర్లేదు, ముప్ఫై డిగ్రీల వాలులో జారిస్తే చాలు. ఆదివారం మాత్రం సెలూనుకు వెళ్తున్నాను. వరసలో కూర్చుంటున్నాను.

పాఠకులకు ఒక మనవి. ఈ నగరంలో మన తెలుగు కుటుంబాల చరిత్ర రాసినప్పుడల్లా ఏ ఊరి నుంచి వచ్చాం, ఏ సంఘం పెట్టాం, ఎవరెవరు పెద్దవాళ్లయ్యారు అని రాస్తాం. మన పెరటి గుమ్మం దాకా వచ్చి వెళ్లినవాళ్లు ఆ లెక్కలో రారు. వాళ్లూ మనతో పాటే వచ్చారు, మన భాషే మాట్లాడారు. మీ ఇంట్లో పాత రేజరు దొరికితే తోమే ముందు ఇంటి పెద్దలను ఒక మాట అడగండి. ఇది రాకముందు మన ఇంటికి ఎవరు వచ్చేవారు, ఆయన పేరేమిటి అని. మా ఇంటికి వచ్చిన ఆయన పేరు నాకు తెలియదు. ఆ ఆదివారం ఆయన కొడుకును అడిగి తెలుసుకున్నాను. అప్పటికి నాకు యాభై ఆరేళ్లు.