సాక్ష్యము పలికిన స్త్రీ

బలవంతుల భాషలో చెప్పిననే గాని బలహీనుల మొర న్యాయస్థానముల చెవికెక్కదు. ఈ కష్టము గ్వాటెమాలాదేశపు మాయాజాతులను, 1524 లో స్పెయినువారు దండెత్తి వచ్చినది మొదలు వెంటాడినది. ఆ జాతులలో నొకటియగు కిచేజాతిలో జన్మించి, విజేతల భాషను నేర్చి, ఆ భాషలోనే తనవారి పక్షమున సాక్ష్యము పలికిన రిగోబెర్తా మెంచూ చరిత్రమును మే మిచట సంగ్రహముగా విన్నవించుచున్నాము.

ఆమె 1959 జనవరి 9వ తేదీన ఉస్పాంతాన్ పట్టణ ప్రాంతమునందలి చిమెల్ అను కొండపల్లెలో జన్మించెను. తండ్రి విసెంతె భూమిహక్కుకై కచ్చేరీల చుట్టు తిరిగిన కర్షకుడు. తల్లి హువానా తుమ్ మంత్రసాని. 1960 మొదలు దేశమున అంతర్యుద్ధము సాగుచుండెను. 1979 లో ఆమె తమ్ముని సైనికులు చంపిరి. 1980 జనవరి 31వ తేదీన కొందరు కర్షకులును విద్యార్థులును తమ గోడు లోకమునకు వినిపింప గోరి రాజధానిలోని స్పెయిను రాయబారి కార్యాలయమును ఆక్రమించిరి. పోలీసులు ముట్టడింపగా మంటలు చెలరేగి, విసెంతెతో గూడ 37 మంది మరణించిరి. ఆ సంవత్సరముననే తల్లిని ఎత్తుకొనిపోయి హింసించి చంపిరి. 1981 లో రిగోబెర్తా మెక్సికోకు పారిపోయెను.

1982 లో పారిస్ నగరమున ఆమె చెప్పిన కథను ఎలిసబెత్ బుర్గోస్ వ్రాసికొని, మరుసటి యేట గ్రంథముగా ప్రకటించెను. 1992 లో ఆమెకు నోబెల్ శాంతిబహుమానము లభించెను.

1999 లో డేవిడ్ స్టోల్ అను అమెరికా పండితుడు ఆ గ్రంథమున కొన్ని సంగతులు యథార్థములు కావని చూపెను. తాను బడికి పోలేదని ఆమె చెప్పినది నిజము కాదు. తమ్ముని మరణమును కన్నులార చూచినట్లు చెప్పినదియు అట్టిదే. ఈ దోషమును దాచుట మాకు సమ్మతము కాదు. సాక్షికి సత్యమే బలము గదా! అయినను ఆ ముగ్గురును హతులైరన్న మాటను స్టోల్ సైతము కాదనలేదు. పలువురి వేదనను తన నోట పలుకబోయి, తాను చూచినదానికిని విన్నదానికిని గల యెల్లను ఆమె చెరిపినది. దోష మంతవరకే. దానిని సాకుగా గొని హంతకులను విడుచుట యే న్యాయము?

ఆ యేడే ఐక్యరాజ్యసమితి యండతో నేర్పడిన విచారణసంఘము, 1996 లో ముగిసిన యుద్ధమున రెండు లక్షలకు పైగా జనులు హతులో అదృశ్యులో అయిరనియు, గుర్తింపబడినవారిలో నూటికి 83 మంది మాయాజాతులవారే యనియు తేల్చెను. రిగోబెర్తా ఊరకుండక స్పెయిను న్యాయస్థానమున సేనానాయకులపై అభియోగము తెచ్చెను. తుదకు 2015 జనవరిలో గ్వాటెమాలా న్యాయస్థానమే రాయబారి కార్యాలయ దహనమునకై ఒక పూర్వపు పోలీసు అధికారిని దోషిగా నిర్ణయించెను. ఆ వ్యాజ్యమున ఆమెయు నొక వాది.

తండ్రి దగ్ధుడైన ముప్పదియైదేండ్లకు కూతురు తీర్పు వినెను. పాఠకులారా! ఆలస్యమైన న్యాయము సంపూర్ణన్యాయము కాదు. కాని సాక్షి మౌనము వహించియుండిన నదియైనను లభించియుండునా?