నాలుగులో రెండు లేవు

గంగాళంలో చెంబు పడుతుంది గనుక పెద్ద బండి లైసెన్సులో చిన్న బండి కూడా ఇమిడిపోతుందని మనవాళ్ళ లెక్క. కారు నడిపేవాడికి మోటార్‌సైకిల్ ఎంత? లారీ తోలేవాడికి స్కూటరు ఒక లెక్కా? వినడానికి సబబుగానే ఉంటుంది. కాని చట్టం గంగాళాలూ చెంబులూ చూడదు. ఒక్కో రకం బండికి ఒక్కో గడి గీసి, ఆ గడిలో మీకు అనుమతి ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది.

మావారి ఉద్యోగరీత్యా మేము కొన్నేళ్ళు డొంకరాయిలో ఉన్నాం. సీలేరుకు అడ్డంగా కట్టిన ఆనకట్ట, 25 మెగావాట్ల విద్యుత్కేంద్రం, దిగువన పొల్లూరు కేంద్రానికి నీళ్ళు మోసుకుపోయే కాలువ, చుట్టూ అడవీ కొండలూ. కూరల మొదలు కాన్పుల దాకా దేనికైనా ఘాట్‌రోడ్డు పట్టవలసిందే. అలాంటిచోట బండి చేతిలో ఉన్నవాడు దేవుడితో సమానం. మా క్వార్టర్స్‌లో ఒక జీపు డ్రైవరు ఉండేవాడు. ఎవరి మోటార్‌సైకిల్ ఖాళీగా కనిపిస్తే అది అడిగి పుచ్చుకునేవాడు. లైసెన్సు సంగతేమిటయ్యా అంటే, “జీపు తోలేవోణ్ణండి అమ్మగారూ! ఈ పిట్టబండికి మళ్ళీ వేరే కాయితం ఎందుకండీ?” అని నవ్వేవాడు. ఆ కాయితం కావాలంటే కొండ దిగి మైదానంలో ఉన్న రవాణా ఆఫీసుకి పోవాలి, పని మానుకోవాలి. అతని కష్టమూ కష్టమే మరి!

అయితే ఈ గళ్ళు నిన్నా మొన్నా గీసినవి కావు. ఇంగ్లండులో 1903లో మోటారుకార్ల చట్టం చేసినప్పుడు పరీక్షా లేదు, గిరీక్షా లేదు. ఐదు షిల్లింగులు కట్టినవాడికల్లా లైసెన్సు ఇచ్చేవారు. డ్రైవింగ్ పరీక్ష తప్పనిసరి అయింది 1935లోనే. అంత ఉదారంగా ఇచ్చిన రోజుల్లో కూడా కారుకు పదిహేడేళ్ళూ మోటార్‌సైకిలుకు పద్నాలుగేళ్ళూ నిండాలని తేడా పెట్టారు! మన దేశమంతటికీ కలిపి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది, తరువాత 1939లో మరొకటి. ఇప్పుడు నడుస్తున్నది 1988 నాటి చట్టం, 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులో పదో సెక్షను చూడండి: గేర్లు లేని మోటార్‌సైకిల్ ఒకటి, గేర్లున్న మోటార్‌సైకిల్ ఒకటి, కార్లూ జీపులూ ఉన్న తేలికరకం వాహనం ఇంకొకటి. రోడ్డు రోలరుకి కూడా వేరే గడి ఉంది!

గేర్లు లేని బండికి ప్రత్యేకంగా ఒక గడి దక్కిందంటే అప్పటికి దేశంలో ఎలాంటి బండ్లు తిరుగుతున్నాయో గుర్తు చేసుకోవాలి. 1972లో లూనా, 1980లో టీవీయస్ 50, 1984లో కైనెటిక్ హోండా వచ్చాయి. చీరకొంగు దోపుకుని ఆడవాళ్ళం రోడ్డెక్కిన బండ్లు ఇవే గదా! అయితే ఆ లైసెన్సుతో గేర్ల మోటార్‌సైకిల్ నడపకూడదు.

ఇది ఉత్త పట్టింపు అనడానికి లేదు. కారులో క్లచ్ కాలికింద ఉంటుంది, గేరు చేతిలో ఉంటుంది. మోటార్‌సైకిల్‌కి క్లచ్ ఎడమచేతిలో, గేరు కాలికింద. పైగా కారు ఆగినా నిలబడే ఉంటుంది, మోటార్‌సైకిల్ పడిపోతుంది. ఘాట్‌రోడ్డు మలుపులో కంకరరాయి మీద బ్రేకు వేసినప్పుడు జీపు నేర్పిన చదువు అక్కరకు రాదు. కొన్ని దేశాలు కాస్త సర్దుకుపోతాయి లెండి. జపానులో కారు లైసెన్సుతో అతి చిన్న మోపెడ్ నడపనిస్తారు. స్పెయిన్‌లో కారు లైసెన్సుకు మూడేళ్ళు నిండితే 125 సీసీ దాకా నడపవచ్చు. మన దగ్గర అలాంటి వెసులుబాటు లేదు.

2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు చెప్పింది. భారీ వాహనాల లైసెన్సు ఉన్న మనిషి స్కూటరు నడుపుతూ ప్రమాదం చేశాడు, ఒక ప్రాణం పోయింది. ఇది ఆ రకం బండికి చెల్లే లైసెన్సు కాదన్నది బీమా కంపెనీ వాదన. కోర్టు ఒప్పుకుంది. చనిపోయినవాళ్ళ కుటుంబానికి మాత్రం కంపెనీ ముందు డబ్బు కట్టి, తరువాత దాన్ని బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమంది. నడిపినవాడి దగ్గర కాదండీ, యజమాని దగ్గర! మన ఇళ్ళల్లో ఎన్ని స్కూటర్లు ఇల్లాలి పేరున కొని, తమ్ముడూ మరిదీ తిప్పుతున్నారో ఒకసారి లెక్క వేయండి. తగిన లైసెన్సు లేనివాడికి తెలిసి బండి ఇచ్చిన యజమానికి 2019 సవరణ ప్రకారం ఐదువేల రూపాయల జరిమానా వేరే!

2024 నవంబరులో మరో తీర్పు వచ్చినప్పుడు, కారు లైసెన్సు ఉంటే అన్నీ నడపవచ్చట అని కొందరు సంబరపడ్డారు. ఆ తీర్పు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాల సంగతి. ఆటోలూ వ్యానులూ నడుపుకునేవాళ్ళకి ఊరట. రెండు చక్రాల బండి ఊసు అందులో లేదు.

బండి తాళం ఇచ్చేముందు ఆ కార్డు చూడండి. ఎల్.ఎం.వి. అని ఒక్కటే ఉంటే కారు వరకే. ఎం.సి.డబ్ల్యు.జి. అంటే గేర్ల మోటార్‌సైకిల్. అది లేకపోతే మొదటినుంచీ కొత్త లైసెన్సు తీసుకోనక్కర్లేదు, ఉన్నదానికే చేర్పించుకోవచ్చు. ముందు లెర్నర్స్ తీసుకుని, ముప్పై రోజులు ఆగి, ఆ బండి మీదే పరీక్షకు వెళ్ళాలి. లెర్నర్స్ గడువు ఆరు నెలలు.