చివరి పాదం ముందు, కథ తరువాత

కథలు రాయడం నేర్పేవాళ్లు ఈ రోజుల్లో ఒక మొదటి వాక్యం చేతికిచ్చి, అక్కణ్నుంచి కథ అల్లుకు రమ్మంటారు. తెలుగు సభల్లో ఇంతకంటే చాలా పాత అలవాటు ఒకటుంది. దాని నడక ఇందుకు తలకిందులు. అక్కడ పృచ్ఛకుడు చివరి పాదం ఇస్తాడు. అందులోని మాట సాధారణంగా అసంగతంగానో అబద్ధంగానో, ఒక్కోసారి వినరానిదిగానో ఉంటుంది. ముందరి మూడు పాదాలూ కవి అక్కడికక్కడే కట్టి, ఆ మాట సబబేననిపించాలి. ఈ సమస్యాపూరణం ఒక్క తెలుగువారిదే కాదు. వాత్స్యాయనుడు కామసూత్రంలో చెప్పిన 64 కళల్లో ఇదీ ఒకటి. భోజుడు ఇవ్వడం, కాళిదాసు పూరించడం అన్న కథలు దేశమంతా తిరిగాయి. అయితే మనలో చాలామంది దీన్ని ఛందస్సు మీద పట్టుకూ పదాల విరుపుకూ పరీక్షగానే చూస్తారు. పండితుల కసరత్తు అని మెచ్చుకునేవారూ అంతే, విసుక్కునేవారూ అంతే. నా లెక్కలో ఇది ముందు కథనవిద్య, ఆ తరువాతే ఛందోవిద్య. ఇచ్చిన పాదం ఒక పర్యవసానం. అది ఎవరికి, ఎక్కడ, ఎందుకు సంభవించిందో కల్పించడమే పూరణ.

అందరికీ తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందన్న సమస్య తెనాలి రామకృష్ణుడి పేరుతో ప్రచారంలో ఉంది. గిట్టనివాళ్లు ద్వారపాలకుడి చేత ఆ ప్రశ్న వేయిస్తే, మత్తెక్కి పేలుతున్నావా అన్న ధోరణిలో ఆయన తిట్టిపోశాడట. తరువాత రాయలే అదే ప్రశ్న వేస్తే, జూదంలో ఓడిన పాండవులు విరాటుడి కొలువులో ఊడిగం చేసిన ఘట్టం తెచ్చి పూరించాడట. ఈ కవి అసలు రాయల సభలో ఉన్నాడా అన్నదే సాహిత్య చరిత్రకారులకు సందేహం కాబట్టి, జరిగిన సంగతిగా దీన్ని తీసుకోలేం. కానీ ఈ కథను తరతరాలుగా చెప్పుకున్నవాళ్లకు సమస్య అంటే ఏమిటో బాగా తెలుసు. పాదం మారలేదు, ఒక్క అక్షరం విరగలేదు. మారింది అడిగినవాడు. మొదటి పూరణలో ఆ వాక్యం ఒక మత్తులో ఉన్నవాడి ప్రేలాపన అయింది. రెండోదానిలో అదే వాక్యం విధి చేసిన అన్యాయానికి ఉపమానమైంది. కథ మారితే వాక్యం బరువే మారిపోయింది. దీన్ని పదాల గారడీ అనడానికి ఇక్కడ గారడీ చేసిన పదం ఏదీ లేదు.

అవధానంలో ఈ పని ఎలా జరుగుతుందో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. అవధానం ఎప్పుడు మొదలైందన్న చర్చ ఎలా ఉన్నా, 16వ శతాబ్దపు చరిగొండ ధర్మన్న నాటికే నూరు గంటాలకు ఒక్కసారిగా పద్యాలు చెప్పడమన్నది బిరుదుగా చెప్పుకోదగిన ఘనత. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులుంటారు. అవధాని ఒక్కో ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కో పాదం చొప్పున చెబుతూ పోతాడు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు అడ్డు తగులుతూనే ఉంటాడు. అంటే సమస్యకు మొదటి పాదం చెప్పేసి, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన వంటి మిగతా అంశాలకు వెళ్లి తిరిగొచ్చేదాకా ఆ కథ గాలిలో వేలాడుతూ ఉంటుంది. చెప్పిన పాదాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదు. ముగింపు ముందే అందరికీ తెలుసు కనుక, ఇందులోంచి అక్కడికి ఎలా చేరతాడా అన్నదే సభకు ఉత్కంఠ. దానికి తోడు ప్రాస. ఇచ్చిన పాదం వృత్తమో కందమో అయి, రెండో అక్షరం ‘ష్ఠ’ అయిందనుకోండి, మిగతా మూడు పాదాల్లోనూ అదే రావాలి. నిష్ఠ, గోష్ఠి, జ్యేష్ఠుడు, కాష్ఠం: చప్పున అందే మాటలు ఈ పాటివే. ఇక కథలోకి ఒక తపస్వో, ఒక సభో, ఒక అన్నగారో, కట్టెల మోపో రాక తప్పదు. ఛందస్సు కథకు అడ్డుకట్ట అనుకుంటాం గానీ, ఇక్కడ అది పాత్రల్ని చేతికందిస్తోంది.

ఇందుకు గట్టి ఆక్షేపణ ఒకటుంది. చాలా పూరణల్లో కథ ఉండదు, కిటుకు ఉంటుంది. మూడో పాదం చివర ఒక అక్షరం చేర్చి నాలుగో పాదం మొదటి మాటను ఇంకో మాటగా మార్చేస్తారు. తెలుగు పద్యంలో మాట పాదం దాటి పోవచ్చు కనుక ఇది సాధ్యం. సంధి విడదీసి అర్థం తిప్పేస్తారు. లేదా క్రమాలంకారం పట్టుకుని, మొదటి మూడు పాదాల్లో ప్రశ్నలు వేసి, సమస్యలోని మాటల్ని వాటికి వరుసగా జవాబులు చేస్తారు. ఇవి ఉన్న మాట నిజం, వీటికి చప్పట్లు పడే మాటా నిజం. కానీ విరుపుతో వచ్చిన కొత్త వాక్యమైనా ఎవరో ఒకరు, ఏదో ఒక సందర్భంలో అనాల్సిందే. విరిచి వదిలేస్తే పద్యం నిలవదు. ఇక సీత రావణుడి ఇల్లాలు అన్నటువంటి సమస్య ఇస్తే, నాటకంలో ఆ రెండు వేషాలూ కట్టింది ఆలుమగలని తేల్చేయడం పాత కిటుకే. వాడివాడి అరిగిపోయింది గానీ, చూస్తే అది నికార్సయిన కథా కల్పన. తెర వెనక్కి తొంగి చూసి, వేషానికీ మనిషికీ మధ్య తేడాలోంచి ఒక ఇంటిని పుట్టించడం. కల, తాగుబోతు మాట, పరీక్షలో తప్పు రాసిన పిల్లవాడు, ఇవన్నీ ఆ కోవలోవే. వీటిలో బలహీనమైనవి చాలా ఉన్నాయి. బలహీనమైన కథ కూడా కథల లెక్కలోకే వస్తుంది.

మూడు పాదాల్లో కథేమిటి, అని మరొకరు అడగవచ్చు. సభలో కూర్చున్నవారి చెవుల్లో భారత భాగవత రామాయణాలు అప్పటికే మోగుతుంటాయి. విరాటుడి కొలువు అన్నంతనే మాయాజూదం, వనవాసం, వంటశాలలో భీముడు, ఆట నేర్పే బృహన్నల అన్నీ వచ్చి కూర్చుంటాయి. కవి చెప్పనక్కర్లేదు, చూపిస్తే చాలు. చెప్పని భాగాన్ని శ్రోతలే పూరిస్తారు. అసలు పూరణ రెండుసార్లు జరుగుతుందన్నమాట, వేదిక మీద ఒకసారి, కింద ఇంకోసారి. ఈ విద్యకు ఉన్న పరిమితి కూడా ఇక్కడే ఉంది. ఆ కథలు తెలియనివాడికి పూరణ వట్టి చమత్కారంగానే వినిపిస్తుంది. దీన్ని కసరత్తు అంటున్నవారి ఫిర్యాదులో కొంత భాగం నిజానికి ఉమ్మడి కథల నిల్వ తరిగిపోయినందుకు అనుకుంటాను.

ముందే తయారు చేసుకుని వస్తారన్న నింద అవధానమంత పాతది. తిరుపతి వేంకట కవులు 1890ల నుంచి ఊరూరా అవధానాలు చేస్తూ, గద్వాల, ఆత్మకూరు, వేంకటగిరి వంటి సంస్థానాల గడప తొక్కిన రోజుల్లో మీసాలు పెంచి మరీ విసిరిన సవాలు ఇలాంటి నోళ్లకూ జవాబే. కొప్పరపు సోదర కవులతో వారి వైరం ఆశువుగా ఎవరు ఎంత వేగంగా చెప్పగలరన్న పంతం దాకా పోయింది. పాత సమస్యలు మళ్లీ మళ్లీ తిరిగేవి, నిజమే. కవి మనసులో ఏ ప్రాసకు ఏ మాటలో, ఏ వింత వాక్యానికి ఏ పురాణ ఘట్టమో నిల్వ ఉండేది, అదీ నిజమే. కానీ నోటితో కథ కట్టే ఏ కళ అయినా నిల్వ సరుకు మీదే నడుస్తుంది. బుర్రకథలో వంత పాడేవాడు మధ్యలో వేసే ప్రశ్నకు కథకుడు ఇచ్చే జవాబులో సగం ఎన్నోసార్లు చెప్పిందే, ఆ సాయంత్రానికి ఆ ఊరికి తగ్గట్టు చెప్పడమే కొత్త. అవధానిని పరీక్షించాల్సింది కూడా అక్కడే: ఈ పృచ్ఛకుడికి, ఈ సభలో, ఈ పద్యం ఎంత అతికింది అని.

1948లో మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం, 1949లో హైదరాబాదులో జాగీర్ల రద్దు వచ్చాక సంస్థానాల పోషణ పోయింది. అవధానం టౌన్ హాళ్లకూ కాలేజీలకూ గుళ్లకూ, తరువాత అమెరికా తెలుగు సంఘాల వేదికలకూ తరలింది. కాకినాడలో 1996లో గరికిపాటి నరసింహారావు మహా సహస్రావధానం చేశారంటే, సభ చిన్నబోలేదనే చెప్పాలి. సమస్యల్లోకి ఎన్నికలు, క్రికెట్టు, సెల్‌ఫోను వచ్చాయి. వాటికి పురాణ ఘట్టం అతకనప్పుడు కవులు ఇంటి గొడవల్నీ వీధి సంగతుల్నీ ఆశ్రయించారు. కల్పన చేసే బరువు పెరిగిందే తప్ప తగ్గలేదు. ఈ మార్పుల్లో ఆకాశవాణిది వేరే దారి. సమస్య చదివి, శ్రోతల్ని పూరించి పంపమనేది. టపాలో పంపే వ్యవధి ఉన్నప్పుడు ఇందులో ఆశుత్వం ఎక్కడ, అని అవధానాభిమానులు పెదవి విరవవచ్చు. వేగం పోయిన మాట ఒప్పుకోవాల్సిందే. కానీ సంస్థానంలో ఎన్నడూ వీలుపడనిది రేడియోలో వీలైంది. బడిపంతులు, గుమస్తా, రైతు ఎవరైనా తోచినట్టు పూరించి పంపవచ్చు. ఒకే చివరి పాదానికి పలు ఊళ్ల నుంచి వచ్చిన పూరణలు ఒకే కార్యక్రమంలో వరుసగా చదివితే, ఒకదానిలో అది ద్రౌపది నోట వస్తుంది, ఇంకోదానిలో అప్పులవాడి నోట, మరోదానిలో నిద్రలో కలవరించే పిల్లవాడి నోట.