నవలా చలనచిత్రములు: ఉపపాత్రల పరివర్తనము

ప్రసిద్ధమైన నవలను చలనచిత్రముగా మలచునపుడు నాయికానాయకులకంటె వారిని పరివేష్టించియుండు మిత్ర, భృత్య, బంధుపాత్రలే అధికముగా మార్పునకు లోనగుచుండును. కథాకాలము సంకుచితమగుటచే కొన్ని పాత్రలు లోపించును, కొన్ని మూలమున లేని ప్రాధాన్యము వహించును. 1939 నాటి ‘గాన్ విత్ ది విండ్’ చిత్రమున స్కార్లెట్ తొలి యిరువురు భర్తలవలన కనిన బిడ్డలు కానరాకుండుటయు, డికెన్సు నవలననుసరించి డేవిడ్ లీన్ 1946లో వెలువరించిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’లో ఓర్లిక్ అను దుష్టుడు లోపించుటయు మొదటి తెగకు దృష్టాంతములు. తెలుగున పాత్రలను తొలగించుటతోపాటు వానిని దేశీయములుగా మార్చుటయు ముఖ్యమార్గమైనది.

దేవదాసు: శరత్‌బాబు 1917లో ప్రకటించిన ఈ నవలను వేదాంతం రాఘవయ్య 1953లో చిత్రముగా తీసెను. చక్రపాణి ప్రభృతుల అనువాదములవలన శరత్సాహిత్యము అప్పటికే తెలుగువారికి ఆత్మీయమైయుండెను. దేవదాసు, పార్వతి, చంద్రముఖి అను పేరులు యథాతథముగా నిలువగా, కలకత్తాలో దేవదాసుతో నొకచోట వసించి, అతనిని చంద్రముఖి యింటికి తోడ్కొనిపోయిన చున్నీలాల్ స్థానమున మాత్రము భగవాన్ అను తెలుగు మిత్రుడు ప్రవేశించెను. ఆ పాత్రను పేకేటి శివరాం ధరించెను. ప్రధానపాత్రల గతిని మార్చుటకు పాఠకలోకము సమ్మతింపదు. మిత్రుని విషయమున రచయితకు అట్టి నిర్బంధము లేదు.

బంగారు పాప: పశ్చిమ గోదావరి జిల్లాయందు అత్తిలి సమీపమున తిరుపతిపురమున 1915లో జన్మించిన పాలగుమ్మి పద్మరాజు, బి.ఎన్. రెడ్డి 1955లో నిర్మించిన ఈ చిత్రమునకు రచయిత. మూలము జార్జి ఇలియట్ 1861 నాటి ‘సైలస్ మార్నర్’. నవలలో నాయకునిపై నేరము మోపి, అతనికి నిశ్చితమైన కన్యను పరిణయమాడిన మిత్రుడు కథారంభముననే తెరమరుగగును. సైలస్ పగబూనక ఊరు విడిచిపోవును. తెలుగు చిత్రమున ఎస్.వి. రంగారావు ధరించిన కోటయ్య చెరనుండి ప్రతీకారేచ్ఛతో మరలివచ్చును. పసిపాప లభించుటతో నతని హృదయము పరివర్తన చెందును. ద్రోహియైన చిన్నపాత్ర నిలిచియుండుటవలననే ఆ పరివర్తనమునకు నాటకీయత సిద్ధించినది.

అనంతరదశ: ధారావాహిక నవలలు ‘డాక్టర్ చక్రవర్తి’ (1964), ‘ప్రేమనగర్’ (1971), ‘సెక్రటరీ’ (1976) వంటి చిత్రములకు ఆధారమైన కాలమున, హాస్యపు జంటకు వేరొక ఉపకథ కల్పించుట చిత్రసీమలో పరిపాటియై యుండెను, గయ్యాళి అత్త, పేరాశగల మామ మొదలగు పాత్రలు నటుల ప్రసిద్ధినిబట్టియు పెరుగుచుండెను. వంశీ తన ‘మహల్లో కోకిల’ నవలను తానే ‘సితార’గా (1984) తెరకెక్కించుటతో నవలాకారుడును దర్శకుడును ఒక్కరే యగుట సంభవించినది.

విమర్శకులు సామాన్యముగా మూలవిధేయతను నాయకపాత్రలయందే పరీక్షింతురు. అనుసరణము ఏ కాలమునకు, ఏ ప్రేక్షకులకు ఉద్దేశింపబడినదో తెలియగోరువారు ఉపపాత్రలను పరిశీలించుట యుక్తము.