డెన్వర్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా: మలమార్పిడి చికిత్స చరిత్ర

అమెరికాలోని డెన్వర్‌లో పనిచేసిన శస్త్రవైద్యుడు బెన్ ఐస్‌మన్, ఆయన సహచరులు 1958లో ‘సర్జరీ’ అనే వైద్యపత్రికలో ప్రచురించిన నివేదిక నలుగురు రోగులకు సంబంధించినది. యాంటీబయాటిక్ మందులు వాడిన తరువాత పేగు లోపలి గోడపై పసుపుపచ్చని పొర కట్టి, ఆగని విరేచనాలతో ప్రాణాల మీదికి వచ్చే ఆ జబ్బుకు, ఆరోగ్యవంతుల మలాన్ని ద్రవంలో కలిపి ఎనీమాగా ఎక్కించగా నలుగురూ కోలుకున్నారు. మందుల వల్ల నశించిన సహజ సూక్ష్మజీవులను తిరిగి పేగులోకి చేర్చాలన్నది ఆ వైద్యుల ఆలోచన. ఈ తరహా చికిత్స పూర్తిగా కొత్తదేమీ కాదు; నాలుగో శతాబ్దంలోనే చైనా వైద్యుడు గె హోంగ్ తీవ్రమైన విరేచనాలకు మలంతో చేసిన ద్రవాన్ని తాగించే పద్ధతిని గ్రంథస్థం చేశాడు.

అయినా ఐస్‌మన్ బృందానికి దక్కిన అంత స్పష్టమైన ఫలితం మరుగున పడడానికి ఒక కారణం, అప్పటికి అసలు నేరస్థుడెవరో తెలియకపోవడం. స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మజీవిపైనే అందరి అనుమానం ఉండగా, దానిని చంపగల వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా అదే 1958లో అమెరికాలో ఆమోదం పొందింది. 1935లోనే శిశువుల మలంలో గుర్తించిన క్లాస్ట్రిడియం డిఫిసిల్ ఈ వ్యాధికి కారణమని జాన్ బార్ట్‌లెట్ బృందం నిరూపించేసరికి 1978 వచ్చింది. దానికీ వాంకోమైసిన్ పనిచేయడంతో, మనిషికి సహజంగా ఏవగింపు కలిగించే మరో మార్గాన్ని వెదకవలసిన అవసరం ఎక్కువ మందికి కనిపించలేదు.

అయితే ఈ సూక్ష్మజీవి గట్టి కవచం గల స్పోర్లుగా, అంటే నిద్రాణ స్థితిలోని బీజరూపాలుగా మారి మందును తట్టుకుంటుంది. కాలేయం తయారుచేసే కొన్ని పైత్యరస ఆమ్లాలు ఆ స్పోర్లను మొలకెత్తిస్తాయి. పేగులోని మేలు చేసే బ్యాక్టీరియా వాటిని వేరే ఆమ్లాలుగా మార్చి, ఈ శత్రువు పెరుగుదలను అణచివేస్తుంది. యాంటీబయాటిక్ ఆ బ్యాక్టీరియానూ తుడిచిపెట్టడం వల్ల, వ్యాధిని తగ్గించిన మందే అది తిరగబెట్టేందుకు అనువైన పేగును మిగిల్చి వెళ్తుంది. కొందరు రోగులు నెలల తరబడి ఈ వలయంలోనే నలిగిపోతారు.

ఐస్‌మన్ చికిత్స చేసిన నలుగురి అనుభవం రుజువు కాజాలదన్నది నిజమే, కానీ దానిని నియమబద్ధంగా పరీక్షించడానికి అర్ధశతాబ్దం పట్టడం వైద్యరంగానికి గౌరవం తెచ్చే విషయం కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎల్స్ వాన్ నూడ్, యోస్‌బర్ట్ కెల్లర్ తదితరులు జరిపి 2013లో ప్రకటించిన అధ్యయనంలో, ముక్కు ద్వారా చిన్నపేగులోకి పంపిన గొట్టంతో దాత మలద్రావణం అందుకున్న 16 మందిలో 13 మందికి తొలి విడతలోనే, మరో ఇద్దరికి రెండో విడతలో వ్యాధి నయమైంది. వాంకోమైసిన్ మాత్రమే పొందిన 13 మందిలో నలుగురే బాగుపడ్డారు. తేడా ఇంత పెద్దదిగా ఉండడంతో అధ్యయనాన్ని ముందుగానే ఆపివేశారు.

అయితే ఈ చికిత్సలో దాత శరీరంలోని హానికర జీవులు కూడా రోగికి చేరగలవు. మందులకు లొంగని ఇ.కోలై అనే బ్యాక్టీరియా అలా సోకి ఒక రోగి మరణించినట్లు 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటించి, దాతల మలానికి అదనపు పరీక్షలను తప్పనిసరి చేసింది. అదే సంస్థ 2022 నవంబరులో రెబయోటా అనే ఎనీమా మందును, 2023 ఏప్రిల్‌లో వౌస్ట్ అనే క్యాప్సూల్‌ను, వ్యాధి మళ్లీ తిరగబెట్టకుండా నివారించేందుకు ఆమోదించింది. మూడు రోజులు, రోజుకు నాలుగు చొప్పున మింగే ఈ క్యాప్సూళ్లలో ఉండేవి దాతల మలం నుంచి శుద్ధిచేసి తీసిన మేలు చేసే బ్యాక్టీరియా స్పోర్లే.