దెయ్యాల కొంపలో నూటయాభై కిలోబైట్లు

కంప్యూటర్ గేముల్లో నా చదువు మైన్‌స్వీపర్, సాలిటేర్ దగ్గరే ఆగిపోయింది. దెయ్యాల ఆటలంటే అసలే పడదు. అలాంటిది మొన్న శని, ఆదివారాలు రెండూ 'ది సెవెన్త్ గెస్ట్' ముందే గడిచిపోయాయి. 1993లో వచ్చిన ఆట. తుపాకులు లేవు, పరుగులు లేవు. ఎటు క్లిక్ చేస్తే అటు వెళ్ళడం, పజిళ్ళు విప్పడం, అంతే.

మొదట నచ్చింది కర్సర్. బాణం గుర్తు బదులు ఎముకల చెయ్యి. వెళ్ళకూడని వైపు పెడితే ఊహూఁ అన్నట్టు వేలు ఊపుతుంది. పజిల్ ఉన్న చోట అదే పుర్రెగా మారి, లోపల మెదడు కొట్టుకుంటూ కనిపిస్తుంది. రహస్య దారి ఉంటే టకటకలాడే పళ్ళు. హెల్ప్ ఫైలు తెరిచే పనే పడలేదు. యూఎక్స్ అని పేరు పెట్టి మనం ఎన్ని మీటింగులు పెట్టుకుంటామో కదా!

కథ చిన్నదే. స్టాఫ్ అనే బొమ్మలు చేసేవాడి పాడుబడ్డ బంగళా. ఒక రాత్రి అతను పిలిచిన ఆరుగురు ఏమయ్యారు, ఏడో అతిథి ఎవరు అన్నది మనం తేల్చాలి. కానీ నాకు ఒళ్ళు జలదరించింది కథకి కాదు. మెట్ల మీద క్లిక్ చేస్తే తెర తనంతట తాను పైకి తేలిపోతుంది. కర్సర్ మాయమవుతుంది. మధ్యలో ఆపలేం, వెనక్కి తిరగలేం. ఎవరో చెయ్యి పట్టుకుని చీకట్లోకి తీసుకెళ్తున్నట్టే ఉంటుంది.

ఇదంతా ఎందుకలా చేశారా అని లెక్క వేసుకుంటే అసలు సంగతి తెలిసింది. ఆ నడక అంతా ముందే రెండర్ చేసిపెట్టిన వీడియో. తెర మీద 640x320 పిక్సెళ్ళు, 256 రంగులు. అంటే ఒక్కో ఫ్రేముకి రెండు లక్షల బైట్ల పైమాట. సెకనుకి 15 ఫ్రేములంటే 30 లక్షలు. అప్పటి సింగిల్ స్పీడ్ సీడీ డ్రైవు ఇచ్చేది సెకనుకి 150 కిలోబైట్లు! ఇరవై రెట్లు కుదించాలి, దాన్ని ఆనాటి ప్రాసెసర్ మీద ఎప్పటికప్పుడు విప్పాలి. ఆ పని చేసిన ప్రోగ్రామర్ గ్రేమ్ డివైన్. బొమ్మల సంగతి చూసుకున్నది అతని భాగస్వామి రాబ్ లాండెరోస్.

ఇద్దరూ వర్జిన్ గేమ్స్ ఉద్యోగులు. ఈ ప్రతిపాదన తీసుకెళితే పై అధికారి మార్టిన్ ఆల్పర్ చదివి ఇద్దర్నీ ఉద్యోగంలోంచి తీసేశాడు. కంగారు పడకండి, బయట సొంత కంపెనీ పెట్టుకుని ఇదే ఆట చెయ్యమని, దాన్ని వర్జినే పబ్లిష్ చేస్తుందని :) అలా ఆరెగాన్ రాష్ట్రంలో ట్రైలోబైట్ పుట్టింది.

నటుల్ని నీలం తెర ముందు తీశారు. అంచులు శుభ్రంగా తెగక మనుషుల చుట్టూ ఒక మెరుపు మిగిలిపోయింది. సరే, దెయ్యాలే కదా, ఉండనీ అనుకున్నారు. మన విఠలాచార్య గారు చూసుంటే మెచ్చుకునేవారు.

ఆట రెండు సీడీల మీద వచ్చి 20 లక్షల కాపీల పైన అమ్ముడైంది. దీని కోసమే సీడీ డ్రైవు కొన్నవాళ్ళు బోలెడుమంది. తర్వాతే కష్టాలు. రెండో భాగం 'ది ఎలెవెన్త్ అవర్' 1995 చివరికి గానీ రాలేదు. అప్పటికి తెర మీద వీడియో ఆడటం ఎవరికీ వింత కాదు. భాగస్వాములకీ చెడింది. లాండెరోస్ ముందే బయటికొచ్చేశాడు, ఆ దశాబ్దం ముగిసేసరికి ట్రైలోబైట్ మూతపడింది.

డివైన్ మాత్రం ఐడీ సాఫ్ట్‌వేర్‌లో చేరి 'క్వేక్ త్రీ అరీనా' మీద పనిచేశాడు. ఆ ఆటలో వీడియోలు ఆడించే ఫార్మాట్ ఏమిటో తెలుసా? రోక్. 'ఎలెవెన్త్ అవర్' కోసం పుట్టినదే. 2005లో క్వేక్ త్రీ సోర్సు కోడ్ బయటపెట్టినప్పుడు దాని డీకోడర్ కూడా అందరి చేతికీ వచ్చింది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఇప్పటికీ ఆ ఫైళ్ళు చదువుతుంది. ఇక ఈ బంగళా నా లాప్‌టాప్ మీద తెరుచుకుందంటే కారణం, స్కమ్‌వీఎం వాలంటీర్లు ఆ పాత ఇంజన్ని కూర్చుని మళ్ళీ రాయడం.

అన్నట్టు, మైక్రోస్కోప్ పజిల్లో స్టాఫ్ చేతిలో పదకొండు సార్లు ఓడాను. ప్రతిసారీ వెనక నుంచి వెక్కిరిస్తాడు వెధవ. ఎవరైనా గెలిచినవాళ్ళుంటే కిటుకేమిటో కాస్త చెప్పండి బాబూ.