పలక నుండి అంతర్జాలము దాక: దూరవిద్యలో పంచుకొను పాఠములు

మార్కాపురము పేరు వినగానే చాలమందికి పలక జ్ఞప్తికి వచ్చును. ఆ పట్టణపు చుట్టుపట్ల భూమిలో పొరలు పొరలుగా దొరకు పలకరాతిని త్రవ్వి తీసి, పలుచగా చీల్చి, నునుపు చేసి, కొయ్య చట్రములు బిగించి, దేశమందలి అనేక రాష్ట్రములకును విదేశములకును పంపుచు వచ్చిరి. తరతరముల పిల్లలు ఓనమాలు దిద్దినది ఆ రాతిమీదనే.

పలకకు రెండు మంచి గుణములు కలవు. అన్న పలక తమ్మునికి, తమ్ముని పలక చెల్లెలికి పనికివచ్చును. ఇది మొదటిది. వ్రాసినదానిని చెరపి, కావలసినట్లు మరల వ్రాసికొనవచ్చును. ఇది రెండవది. అచ్చుపుస్తకమునకు మొదటి గుణము కొంత కలదు గాని రెండవది లేదు. పదిమంది పంచుకొనుటకును, ఎవరి అవసరమునకు తగినట్లు వారు మార్చుకొనుటకును వీలగు పాఠము కొరకు జరిగిన అన్వేషణయే దూరవిద్య చరిత్రలో ముఖ్యమైన ఘట్టమని చెప్పవచ్చును.

పలకల పరిశ్రమ చరిత్రలో ఒక విషాదము కూడ కలదు. ఒకప్పుడు బడిలో నుండవలసిన పిల్లలు అనేకులు ఆ పనిలోనే కాలము గడపిరి. దేశమునకు పలకలనిచ్చిన చేతులలో కొన్నింటికి పలక పట్టు అవకాశము చిక్కలేదు. అట్టివారు పెద్దవారైన పిమ్మట చదువుకొనదలచినచో దారి యేది? దూరవిద్య పుట్టినది ఇట్టి ప్రశ్నకు జవాబుగానే.

దూరమును కొలుచుట ఎట్లు?

1970 ఫిబ్రవరిలో కర్నూలు, గుంటూరు, నెల్లూరు జిల్లాల భాగములను కలిపి ఒంగోలు జిల్లాను ఏర్పరచిరి. 1972లో దానికి ప్రకాశము జిల్లా యని పేరు పెట్టిరి. కర్నూలు జిల్లానుండి వచ్చి చేరిన మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములకు పశ్చిమ ప్రకాశమను వాడుక అప్పటినుండి కలిగినది. ఒక ప్రక్క నల్లమల అడవులు, మరియొక ప్రక్క వానకై ఎదురుచూచు మెట్టపొలములు. గిద్దలూరునుండి ఒంగోలునకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. గుంటూరు – గుంతకల్లు రైలుమార్గము ఈ ఊళ్ల మీదుగానే పోవును. కాని రైలు దిగిన పిమ్మట పల్లె చేరుటకు మరల ప్రయాణము చేయవలెను.

పగలు పనిచేసి రాత్రి చదువువానికి, పిల్లల తల్లికి, కాలేజీ దూరమును కిలోమీటర్లతో కొలిచిన చాలదు. ఆ ప్రయాణమునకై పోగొట్టుకొను కూలిదినములతో కొలువవలెను.

తపాలా పాఠములు

ఇంగ్లండులో 1840లో ఒక్క పెన్నీకే ఉత్తరము దేశమంతట పోవు పద్ధతి వచ్చెను. ఐజక్ పిట్‌మన్ దానిని ఉపయోగించుకొని తాను కల్పించిన సంక్షిప్తలిపిని తపాలా ద్వారా బోధించెను. విద్యార్థులు అభ్యాసములు వ్రాసి పంపగా, దిద్ది తిప్పి పంపుచుండెను. 1858లో లండను విశ్వవిద్యాలయము తన కాలేజీలలో చదువనివారికి సైతము పరీక్షలు పెట్టి డిగ్రీలొసగ నారంభించినది.

మన దేశమున 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము ఉత్తరముల ద్వారా బోధన ప్రారంభించెను. 1972లో విశాఖపట్టణమందలి ఆంధ్ర విశ్వవిద్యాలయము అట్టి శాఖను నెలకొల్పెను. పాఠము ఇంటికి వచ్చుట గొప్ప మేలు. అయితే తరగతిలో చెప్పు ఉపన్యాసమునే కాగితముమీద పెట్టినచో, సందేహము తీర్చువాడు దగ్గర లేని విద్యార్థికి అది కొరుకుడు పడదు. ఒంటరిగా చదువువాని కొరకు పాఠమును వేరుగా వ్రాయవలెను. నడుమ నడుమ ప్రశ్నలు, చివర జవాబులు, ఇంటిలో చేయదగిన చిన్న ప్రయోగములు ఉండవలెను.

ఈ సూత్రమును పెద్ద ఎత్తున ఆచరణలో పెట్టినది బ్రిటను దేశపు ఓపెన్ యూనివర్సిటీ. 1969లో దానికి రాజశాసనము లభించినది. 1971లో బోధన మొదలైనది. అచట పాఠము ఒకరు వ్రాయునది కాదు. విషయము నెరిగినవారు, బోధనాపద్ధతి నెరిగినవారు, సంపాదకులు, రేడియో టెలివిజను నిపుణులు ఒక జట్టుగా కూర్చుండి దానిని తయారు చేసిరి.

ఆ బాటలో మన దేశమున వెలసిన మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము తెలుగునాటనే పుట్టినది. 1982 ఆగస్టులో హైదరాబాదు కేంద్రముగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ప్రారంభమాయెను. దాని మొదటి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రాంరెడ్డి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు దానికిని వారే ప్రథమ ఉపాధ్యక్షులైరి. హైదరాబాదు సంస్థకు 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టిరి.

ఆ సంస్థ చేసిన సాహసము ఒకటి గమనింపదగినది. బడి సర్టిఫికెట్టు లేకున్నను, 18 ఏండ్లు నిండి అర్హతాపరీక్షలో నెగ్గినవారు డిగ్రీ చదువులో చేరుటకు వీలు కల్పించిరి. చిన్ననాడు పలకకు దూరమైనవానికి మూసిన తలుపు మరల తెరచుకొన్నది. తెలుగులో పాఠ్యగ్రంథములు వ్రాయించిరి. ఊరూర ఉన్న కాలేజీలలో అధ్యయన కేంద్రములు పెట్టి, సెలవు దినములలో అధ్యాపకులచే సందేహములు తీర్పించిరి. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కాలేజీ శాస్త్రములకు తెలుగు పరిభాషను సమకూర్చుచుండుట వలన ఇట్టి పనికి పునాది ముందే పడియుండెను.

ఆకాశమునుండి పాఠము

కాగితముపై పాఠము నడచుచుండగనే ఆకాశమార్గమున మరియొక ప్రయత్నము సాగెను. 1975 ఆగస్టు నుండి 1976 జులై వరకు ఏ.టి.ఎస్-6 అను అమెరికా ఉపగ్రహము సాయమున, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములను పంపిరి. దానికి సైట్ ప్రయోగమని పేరు. 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుండి జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ఎడ్యుశాట్‌ను మోసికొనిపోయెను. సుమారు 1,950 కిలోగ్రాముల బరువు గల ఆ ఉపగ్రహమును కేవలము విద్య కొరకే నిర్మించిరి. అది 2010 వరకు పనిచేసినది.

ఉపగ్రహమునకు కొండలు అడ్డు రావు. నల్లమలలోని గూడెమును, హైదరాబాదు నగరమును దానికి సమదూరమే. కాని ఆ పాఠము వచ్చు వేళకు విద్యార్థి పెట్టె ముందర ఉండవలెను. అర్థము కానిచోట ఆపుమనుటకు వీలు లేదు. పాఠములోని ఉదాహరణము తన ఊరికి సరిపోకున్నచో అధ్యాపకుడు దానిని మార్చనూ లేడు. ఆకాశవాహనము దూరమును జయించినది గాని, పాఠమును పలకగా చేయలేదు.

అనుమతి యను చిక్కు

కంప్యూటర్లు, అంతర్జాలము వచ్చిన పిమ్మట స్థితి మారినది. కాగితపు పుస్తకమును ఒకరికిచ్చినచో మనవద్ద ఉండదు. అంకెల రూపములో నున్న పాఠమును వేయిమందికిచ్చినను తరుగదు. ప్రతి తీయుటకు ఖర్చు దాదాపు లేదు. చెరపుట, చేర్చుట క్షణములలో పని. పలకకున్న రెండు గుణములును ఇచట ఒక్కచో చేరినవి.

అయితే యంత్రము వీలనినంత మాత్రమున చట్టము ఒప్పదు. మన దేశపు 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము, ఒక పాఠమును వ్రాసిన క్షణముననే దానిపై హక్కులు కర్తకు చెందును. బోధనకై కొన్ని మినహాయింపులున్నను, మొత్తము గ్రంథమును అనువదించి పంచుటకు అనుమతి కావలెను. అమెరికాలోని కర్త చిరునామా వెదకి, ఉత్తరము వ్రాసి, జవాబునకై కాచుకొనుట గిద్దలూరులోని అధ్యాపకునికి సాధ్యమగు పని కాదు.

ఈ చిక్కును విప్పినది ఒక చిన్న ఉపాయము. అనుమతిని ఎవరో అడుగువరకు ఆగక, కర్తయే ముందుగా పాఠముమీద వ్రాసిపెట్టుట. 2001లో ఏర్పడిన క్రియేటివ్ కామన్స్ అను సంస్థ 2002 డిసెంబరులో అట్టి అనుమతిపత్రములను సిద్ధము చేసి లోకమునకిచ్చెను. కర్త పేరు చెప్పి ఎట్లైనను వాడుకొనుడని ఒకటి. మార్చినదానిని గూడ ఇదే షరతుతో పంచుడని ఒకటి. వ్యాపారమునకు వాడరాదని ఒకటి. మార్చక ఉన్నది ఉన్నట్లే పంచుడని మరియొకటి – ఇట్లు షరతులను కలిపి పత్రములు తయారైనవి.

వీనిలో కడపటి షరతు తెలుగువారు ముఖ్యముగా గమనింపదగినది. అనువాదము కూడ మార్పే. కనుక మార్పు కూడదన్న పాఠమును ఉచితముగా చదువవచ్చును గాని తెలుగు చేసి పంచరాదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. అంతర్జాలములో దొరకినదెల్ల మనదని భ్రమపడువారు ఈ భేదమును మరువరాదు.

2001 ఏప్రిలులో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ తన కోర్సుల సామగ్రిని అందరికి ఉచితముగా నిచ్చెదనని ప్రకటించినది. 2002 జులైలో పారిసున యునెస్కో జరిపిన సమావేశములో ఇట్టి సామగ్రికి ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్ అను పేరు పుట్టినది. వీనినే తెలుగులో సార్వత్రిక విద్యావనరులందురు. దాచుకొనుట, వాడుకొనుట, మార్చుకొనుట, ఇతర పాఠములతో కలుపుకొనుట, తిరిగి పంచుట – ఈ ఐదు స్వేచ్ఛలు వీనికి లక్షణములు. 2019 నవంబరులో యునెస్కో సభ్యదేశములు ఈ వనరులను ప్రోత్సహింపవలెనని తీర్మానించినవి.

మన దేశములో

2003లో ఐ.ఐ.టి.లును, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయు కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పేర సాంకేతిక విద్యాపాఠములను తయారు చేయ నారంభించినవి. 2013లో ఎన్.సి.ఇ.ఆర్.టి. బడి పాఠముల భాండారమును తెరచెను. 2017 జులైలో స్వయం అను జాతీయ వేదిక వచ్చెను. అచట నెగ్గిన కోర్సుల మార్కులను కాలేజీ చదువులో 20 శాతము వరకు కలుపుకొనుటకు 2016లోనే నిబంధన రాగా, 2021లో ఆ పరిమితిని 40 శాతమునకు పెంచిరి.

మార్చుకొను స్వేచ్ఛ ఫలించుటకు బొంబాయి ఐ.ఐ.టి. వారి స్పోకెన్ ట్యుటోరియల్ మంచి దృష్టాంతము. కంప్యూటరు విద్యను సుమారు పదేసి నిమిషముల పాఠములుగా విడదీసి, మాటలను వ్రాతరూపమునగూడ బహిరంగముగా ఉంచిరి. అందువలన వానిని తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో పలికించుట సాధ్యమైనది. అట్లే కొలరాడో విశ్వవిద్యాలయమున 2002లో కార్ల్ వీమన్ ప్రారంభించిన ఫెట్ అను ప్రయోగ నమూనాలు తెలుగులోనికి వచ్చినవి. ప్రయోగశాల లేనివాడు తెరమీదనే విద్యుద్వలయమును కలిపి, దీపము వెలుగుటను చూడవచ్చును.

గిద్దలూరు చేరునప్పుడు

2020 మార్చిలో కోవిడ్ వ్యాధి కారణముగా కాలేజీలు మూతపడగా, అన్ని చదువులును దూరవిద్యయే అయినవి. పాఠము అంతర్జాలములో ఉండుటకును, విద్యార్థిని చేరుటకును ఎంత వ్యత్యాసమున్నదో అప్పుడు తెలిసినది. ఇచట కొంచెము లెక్క వేసి చూడవలెను. సెకనునకు 5 లక్షల బిట్ల చొప్పున వచ్చు వీడియో పాఠము గంటసేపు చూచినచో 225 మెగాబైట్లు ఖర్చగును. అదే పాఠమును సెకనునకు 32 వేల బిట్ల ధ్వనిగా మార్చినచో గంటకు 14 మెగాబైట్లు చాలును. వ్రాతరూపములో ఒక అధ్యాయము సాధారణముగా ఒక మెగాబైటునకు మించదు. కొండవాలు పల్లెలో సిగ్నలు అంతంతమాత్రము. ఇంటికొక్క ఫోనున్నచో అది పగలంతయు పనికి పోవువాని జేబులో నుండును. కనుక వీడియోను ధ్వనిగను, వ్రాతగను మార్చి, అధ్యయన కేంద్రమున ఒకసారి దింపుకొని ఇంటిలో చదువుకొనునట్లు చేయుట మేలు. ఈ మార్పులకు కూడ అనుమతి కావలెను. మార్చుకొను హక్కు యొక్క విలువ ఇట్టిచోటనే తెలియును.

విషయములోను మార్పు అవసరమే. రైస్ విశ్వవిద్యాలయపు ఓపెన్‌స్టాక్స్ సంస్థ 2012లో వెలువరించిన కాలేజీ భౌతికశాస్త్రము, కర్త పేరు చెప్పు షరతు తప్ప వేరు షరతు లేని గ్రంథము. కోణీయ ద్రవ్యవేగమును బోధించునపుడు అట్టి గ్రంథములలో మంచుపై జారు క్రీడాకారిణిని చూపుట పరిపాటి. ఆమె చాచిన చేతులను ముడుచుకొనగానే వేగముగా గిరగిర తిరుగును. మంచు ఎరుగని మార్కాపురము విద్యార్థికి దానికి బదులు తిరుగుడు స్టూలు చాలును. దానిపై కూర్చుండి, చేతికొక పలక పట్టుకొని చేతులు చాచి తిరుగవలెను. పలకలను ఎదకు దగ్గరగా తీసికొనగానే జడత్వ భ్రామకము తగ్గి భ్రమణవేగము హెచ్చును. సూత్రమొక్కటే, ఉదాహరణము మాత్రము ఇంటిది.

అయితే పాఠమెంత మంచిదైనను, అది తనంతట తాను గురువు కాజాలదు. ఏది నమ్మదగినదో ఎంచుట, పాఠ్యప్రణాళికకు సరిపుచ్చుట, తప్పులు దిద్దుట, చదువు మానబోవు విద్యార్థిని పలుకరించి నిలుపుట – ఇవి అధ్యాపకుని పనులే. తపాలా నాటినుండి నేటివరకు వాహనములు మారినవి గాని, దిద్దిన జవాబుపత్రము కొరకు ఎదురుచూచు విద్యార్థి మారలేదు.

ఇంకొక సంగతి. పంచుకొనుటయనగా తీసికొనుట మాత్రమే కాదు. బురద పేరుకొని గట్టిపడిన రాయి భూగర్భమున ఒత్తిడికి, వేడికి లోనైనప్పుడు అందలి అభ్రకము వంటి రేకుల ఖనిజములు ఒకే వరుసలో అమరును. అందువలననే ఆ రూపాంతర శిల పలుచని పలకలుగా చీలును. ఈ పాఠమును మార్కాపురము గనివద్ద నిలిచి చెప్పగలిగినంత స్పష్టముగా ఏ దూరదేశపు గ్రంథము చెప్పగలదు? కంభము చెరువు, నల్లమల వృక్షసంపద, మెట్టపొలముల తేమ – ఇవి కూడ అట్టి పాఠములే. వానిని అచటి అధ్యాపకులును విద్యార్థులును తెలుగులో వ్రాసి, మార్చుకొను హక్కుతో సహా లోకమునకు ఇయ్యవచ్చును. ఒకనాడు దేశమునకు పలకలు పంపిన సీమ, పలకమీద వ్రాయదగిన పాఠములను కూడ పంపగలదు.